తాండ్రగాడి జర్మనీ ప్రయాణం

ఈ వారం ఉత్తరం విజయనగరం నుంచి వచ్చింది. పెద్ద ఉత్తరమే, కొంత కుదించి ఇస్తున్నాను.

"డాక్టరు గారికి నమస్కారం. మాది విజయనగరం, మూడు లాంతర్ల దగ్గర ఇల్లు. మావారికి జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగం వచ్చింది. ఆయన ముందు వెళ్తున్నారు. నేనూ, తొమ్మిదేళ్ల మా పాపా అయిదు నెలల తర్వాత వెళ్లాలి. సమస్యల్లా మా పిల్లి. ఆరేళ్ల మగ పిల్లి, ఆపరేషన్ చేయించాం, అయిదు కిలోలుంటాడు. మామిడి తాండ్ర రంగులో ఉంటాడని పాప వాడికి తాండ్ర అని పేరు పెట్టింది. విన్నవాళ్లంతా తాండ్ర పాపారాయుడి పేరనుకుంటారు. కానీ వాడంత పిరికివాడు మా వీధిలోనే లేడు. కుక్కర్ కూత వేస్తే మంచం కిందకి దూరతాడు. సిరిమాను జాతరప్పుడు అటక దిగడు. మార్చిలో రేబిస్ సూది వేయించడానికి బుట్టలో పెట్టి ఆటోలో తీసుకెళ్తే దారి పొడవునా అరిచాడు, బుట్టలోనే పాడు చేసుకున్నాడు, కుక్కలాగా నోరు తెరిచి రొప్పాడు. అలాంటివాణ్ణి విమానంలో అంత దూరం ఎలా తీసుకెళ్లాలి? మందుల షాపులో అడిగితే చిన్నపిల్లల జలుబు సిరప్ అర చెంచా పడితే హాయిగా నిద్రపోతాడన్నారు. సీసా కూడా కొన్నాం. మా అత్తగారు 'పిల్లినేటి, ఇమానమెక్కించడమేటి' అంటున్నారు. రాత్రిళ్లు వాడు పడుకునేది మాత్రం ఆవిడ కాళ్ల దగ్గరే. ఆవిడ శ్రీకాకుళంలో మా మరిది ఇంటికి వెళ్లిపోతారు, ఈ ఇల్లు అద్దెకిచ్చేస్తాం. మరిది ఇంట్లో రెండు కుక్కలున్నాయి. చేపల మార్కెట్ దగ్గర వదిలేయండి, అదే బతుకుతుంది అంటున్నారు పక్కింటివాళ్లు. ఆ మాట విన్నప్పటి నుంచి పాప అన్నం సరిగ్గా తినడం లేదు. తీసుకెళ్తే వాణ్ణి హింస పెట్టినట్టా? వదిలేస్తే పాపమా? ఏం చెయ్యమంటారు?"

అమ్మా, మిగతావన్నీ తర్వాత. ముందు ఆ సిరప్ సీసా సంగతి చూడండి. పిల్లల జలుబు సిరప్‌లలో చాలావాటిలో పారాసిటమాల్ ఉంటుంది. మనకు జ్వరం తగ్గించే ఆ మందే పిల్లికి విషం. దాన్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి దాదాపు లేదు. ఒంట్లోకి వెళ్లిన కొద్ది గంటల్లోనే రక్తం ప్రాణవాయువును మోయలేని స్థితికి వస్తుంది. చిగుళ్లు గులాబీ రంగు పోయి గోధుమ రంగుకు తిరుగుతాయి, మొహమూ పాదాలూ వాస్తాయి, ఆయాసం మొదలవుతుంది. ఒక్క మాత్రకే చచ్చిపోయిన పిల్లులున్నాయి. మందుల షాపతను చెడ్డవాడని కాదు, మనుషుల మందులు అమ్మేవాడికి పిల్లి ఒళ్లు ఎలా తెలుస్తుంది? ఆ సీసా వాడికి అందని చోట పెట్టడం కాదు, ఇంట్లోంచే తీసేయండి. ఒకవేళ ట్రయల్ అంటూ ఇప్పటికే కొంచెం పట్టి ఉంటే, ఇది చదవడం ఆపి డాక్టరు దగ్గరికి బయల్దేరండి.

ఇక తీసుకెళ్లాలా వద్దా అన్న ప్రశ్న. పిల్లి మనిషిని కాదు, ఇంటిని పట్టుకుని ఉంటుందని మనవాళ్లంటారు. అందులో కొంత నిజముంది. మీ అత్తగారు అదే ఇంట్లో ఉండిపోతుంటే, వాణ్ణి ఆవిడకే వదిలి వెళ్లండి, సెలవులకొచ్చినప్పుడు చూసుకోండి అని చెప్పేవాణ్ణి. కానీ మీ ఇల్లే చేతులు మారుతోంది. ఎటు పోయినా తాండ్రకి ఇల్లు మారక తప్పదు. శ్రీకాకుళం వెళ్తే కొత్త ఇల్లు, పైగా రెండు కుక్కలు. ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్తే కొత్త ఇల్లు, తెలిసిన మీరు. ఆరేళ్లంటే పిల్లికి ముసలితనం కాదు, ఆరోగ్యంగానే ఉన్నాడంటున్నారు. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని ఊరికే అనలేదు, ఇల్లు మారడం దాని జాతికి తెలియని విద్య కాదు. తీసుకెళ్లండి. చేపల మార్కెట్ మాట మాత్రం మళ్లీ ఎత్తకండి. ఆరేళ్లు గిన్నెలో తిన్నవాడు అక్కడి గండుపిల్లుల మధ్య, కుక్కల మధ్య వారం రోజులు నిలవడు. పాపకి ఈ రాత్రే చెప్పేయండి, తాండ్ర మనతోనే వస్తాడని. పాపకీ ఒక పని ఉంది, కిందకొస్తాను.

ఇప్పుడు తేదీలు. విమానం గురించి బెంగ పడే వాళ్లంతా ఇక్కడే బోల్తా పడతారు. మీకున్నవి అయిదు నెలలు. సరిపోతాయి, కానీ ఒక్క వారం కూడా పారేసుకోకుండా ఉంటేనే.

యూరప్ వాళ్ల దృష్టిలో రేబిస్ విషయంలో మనది నమ్మదగ్గ దేశాల జాబితాలో లేదు. అందుకని మన దగ్గర్నుంచి వెళ్లే పిల్లికి వరసగా కొన్ని జరగాలి, ఆ వరస తప్పకూడదు. మొదటిది మైక్రోచిప్. బియ్యపు గింజంత ఉంటుంది, భుజాల మధ్య చర్మం కింద సూదితో పెడతారు. దానికి 15 అంకెల నంబరుంటుంది. రెండోది, చిప్ పెట్టిన రోజే గానీ ఆ తర్వాత గానీ రేబిస్ టీకా. మార్చిలో వేయించిన టీకా మీ పిల్లికి మేలు చేసింది కానీ, అప్పటికి చిప్ లేదు కాబట్టి వాళ్ల లెక్కలోకి రాదు. మళ్లీ వేయించాలి. మూడోది, ఆ టీకా వేసి కనీసం 30 రోజులు దాటాక రక్తం తీసి, యూరోపియన్ యూనియన్ ఆమోదించిన ల్యాబ్‌కి పంపాలి. దాన్నే టైటర్ టెస్ట్ అంటారు. టీకా ఒంటికి పట్టిందా లేదా అన్నది చూస్తారన్నమాట. మిల్లీలీటరుకు 0.5 యూనిట్లు, అంతకు పైన రావాలి. నాలుగోది, రక్తం తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. రిపోర్టు వచ్చిన రోజు నుంచి కాదు, రక్తం తీసిన రోజు నుంచి. కూడితే నాలుగు నెలలు దాటాయి. మిగిలేది మూడు నాలుగు వారాలు. ఈ వారంలో చిప్ పెట్టించకపోతే ఆ కాస్తా కరిగిపోతుంది.

ఈ వరస మీద నాకింత పట్టుదల ఎందుకంటే, ఒకసారి తప్పు చేసింది నేనే. ముప్పై ఏళ్లు ఆవులకీ గేదెలకీ వైద్యం చేసి, పిల్లులకి కొత్తగా అలవాటు పడుతున్న రోజులు. ఒక కుటుంబం ఇలాగే విదేశం వెళ్తూ పిల్లిని తెచ్చింది. చిప్ అప్పటికి నా దగ్గర లేదు, వారంలో తెప్పిస్తానని, వచ్చారు కదా అని టీకా ముందే వేసేశాను. చిప్ తర్వాతి ఆదివారం పెట్టాను. రెండు నెలలు గడిచాక కాగితాలు చూసిన అధికారి తేదీలు తిరగబడ్డాయని పక్కన పెట్టేశారు. మొదటి నుంచి మళ్లీ మొదలు. వాళ్లు టికెట్లు మార్చుకోలేక పిల్లిని నాలుగు నెలలు మా ఇంట్లో వదిలి వెళ్లారు. నా చేతులారా చేసిన పనికి నేనే పిల్లిని మేపాను, అది న్యాయమే. అందుకే చెబుతున్నాను, చిప్ పెట్టే ముందు డాక్టరు చేత స్కానర్‌తో ఒకసారి, పెట్టాక ఇంకోసారి చదివించండి. ఆ 15 అంకెలూ టీకా పుస్తకంలో, ల్యాబ్ ఫారంలో, చివరి సర్టిఫికెట్‌లో ఒకటే ఉండాలి. ఒక్క అంకె తేడా వచ్చినా అది వేరే పిల్లి కింద లెక్క. టీకా సీసా మీది స్టిక్కర్ పుస్తకంలో అంటించమనండి, తేదీ, సంతకం, ముద్ర అన్నీ చూసుకుని బయటికి రండి. యజమాని పేరు మీ పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఆ స్పెల్లింగ్‌తోనే రాయించండి.

చిప్ మీ ఊళ్లో దొరక్కపోతే విశాఖపట్నం వెళ్లాలి. గరివిడి పశువైద్య కళాశాల మీకు దగ్గరే, అక్కడా ఒకసారి ఫోన్ చేసి కనుక్కోండి. రక్తం తీయించే రోజు మాత్రం జాతర రోజుల్లోనో దీపావళి వారంలోనో పెట్టుకోకండి. అసలే బెదిరి ఉన్నవాణ్ణి పట్టుకుని మెడ దగ్గర సూది గుచ్చడం వాడికీ నరకం, డాక్టరుకీ నరకం. ఇంకో మాట. ఒకసారి టైటర్ పాసయితే, ఆ తర్వాత రేబిస్ బూస్టర్లు గడువు దాటకుండా వేయిస్తున్నంత కాలం అది చెల్లుతూనే ఉంటుంది. కాబట్టి ఆ రిపోర్టు ఒరిజినల్ మీ పెళ్లి సర్టిఫికెట్ పక్కన దాచండి.

ఇదంతా జర్మనీ లెక్క. ఉత్తరం చదివే మిగతావాళ్లు దీన్నే పట్టుకుని వేరే దేశం బయల్దేరకండి. బ్రిటన్‌కీ టైటర్, మూడు నెలల నిరీక్షణ ఉన్నాయి, పైగా విమానంలో పిల్లిని మీ కాళ్ల దగ్గర పెట్టుకోనివ్వరు, కార్గోలోనే దిగాలి. దుబాయ్ కూడా కార్గోనే. అమెరికాకి పిల్లి విషయంలో ఇంత తతంగం లేదు. ఆస్ట్రేలియా అయితే మన దేశం నుంచి నేరుగా రానివ్వదు, ముందు వాళ్లు ఒప్పుకున్న వేరే దేశంలో నెలల తరబడి ఉంచాల్సిందే.

ఇప్పుడు అసలు రోగం దగ్గరికి వద్దాం, భయం. తాండ్ర విమానానికి ఇంకా భయపడలేదమ్మా, వాడు విమానమే చూడలేదు. వాడికి తెలిసింది బుట్ట. ఆ బుట్ట అటక మీంచి ఎప్పుడు దిగుతుంది? సూది వేయించే రోజు. ఏడాదికోసారి దిగుతుంది, దిగగానే ఎవరో ఒకరు మెడ పట్టుకుని అందులోకి తోస్తారు, ఆటో గడగడలాడుతుంది, చివర్లో కుక్కల వాసన వేసే గదిలో సూది. బుట్ట అంటే వాడికి అదీ అర్థం. మీరు నాలుగు నెలల్లో చేయాల్సిందల్లా ఆ అర్థం మార్చడం.

ఆ పాత బుట్ట ఎవరికైనా ఇచ్చేయండి. విమానంలో సీటు కింద పట్టే మెత్తని బ్యాగు కొనండి. క్యారియర్ అని అడగాలి. మన వైపు ఆ మాటంటే సాంబారు పోసుకెళ్లే గిన్నెలు గుర్తొస్తాయి, అది వేరే. కొనే ముందు విమాన సంస్థ కొలతలు చూడండి. లుఫ్తాన్సా వాళ్లయితే 55, 40, 23 సెంటీమీటర్లు దాటకూడదని, బ్యాగుతో కలిపి 8 కిలోలు మించకూడదని అంటారు. మీవాడు అయిదు కిలోలే కాబట్టి ఇబ్బంది లేదు, కానీ జర్మనీ వెళ్తున్నాడు కదా అని ఇప్పట్నుంచీ మేపకండి. పక్కనే కాదు, పైన కూడా జిప్పు ఉన్న బ్యాగయితే మంచిది. బెదిరిన పిల్లిని పక్క నుంచి లాగడం కన్నా పై నుంచి ఎత్తడం సులువు.

బ్యాగు రాగానే మీ అత్తగారి మంచం పక్కన నేల మీద జిప్పులన్నీ తీసి పెట్టేయండి. వాణ్ణి పిలవకండి, చూపించకండి. మొదటి రెండు రోజులు దూరం నుంచి చూస్తాడు. మూడో రోజు మెడ చాచి వాసన చూస్తాడు, మీసాలు ముందుకొస్తాయి, వెనక కాళ్లు మాత్రం పారిపోవడానికి సిద్ధంగా బయటే ఉంటాయి. అప్పుడు కూడా ఏమీ అనకండి. ఏదో ఒక మధ్యాహ్నం దవడ ఆ బ్యాగు అంచుకేసి రుద్దుతాడు. పిల్లి దవడల్లో గ్రంథులుంటాయి, ఆ వాసన పూసిందంటే ఇది నాదే అని సంతకం పెట్టినట్టు. ఆ రోజు నుంచి పని మొదలు.

ఇక్కడే పాపకి పని. రోజూ సాయంత్రం ఒక ఎండు మెత్తళ్ల చేప ముక్క బ్యాగు గుమ్మం దగ్గర పెట్టాలి. రెండో వారం గుమ్మం లోపల, మూడో వారం బ్యాగు చివర. లోపలికెళ్లి తిని బయటికొచ్చేస్తే చాలు. తర్వాత లోపల తింటుండగా జిప్పు సగం వేసి వెంటనే తీసేయాలి. తర్వాత పూర్తిగా వేసి పది లెక్కపెట్టి తీయాలి. తర్వాత బ్యాగు నేల నుంచి జానెడు ఎత్తి దింపాలి. హాల్లో నాలుగడుగులు, వీధి గుమ్మం దాకా, ఆగి ఉన్న ఆటోలో రెండు నిమిషాలు, కదిలే ఆటోలో కోట దాకా వెళ్లి ఇంటికి రావడం. కోట దాకా వెళ్లి రావడమే, డాక్టరు దగ్గరికి కాదు. పది సార్లు ఆటో ఎక్కితే అందులో ఒక్కసారే సూది ఉండాలి. పాప ఒక నోటు పుస్తకంలో రోజూ రాసుకోమనండి, ఇవాళ ఎంతసేపున్నాడు, తిన్నాడా లేదా అని. తినడం దగ్గరే కిటుకంతా ఉంది. బెదిరిన పిల్లి ఎంత ఇష్టమైనది పెట్టినా ముట్టదు. బ్యాగులో ఉండి తింటున్నాడంటే భయం దిగుతున్నట్టే. చెవులు వెనక్కి పడుకున్నా, కంటిపాపలు గుండ్రంగా పెద్దవైనా, నోటితో రొప్పినా ఆ రోజుకి ఆపేసి, మర్నాడు రెండు మెట్లు వెనక్కెళ్లి మొదలెట్టండి. తొందరపడి ఒక్కరోజు తోసేశారంటే మూడు వారాల పని గంగలో కలుస్తుంది.

చప్పుళ్లకి కూడా ఇదే పద్ధతి. విమానం హోరు ఫోన్‌లో దొరుకుతుంది. వాడు అన్నం తినేటప్పుడు వినీ వినపడనంత మెల్లగా పెట్టండి, వారానికి కాస్త పెంచండి. కుక్కర్ కూతకి ఉపాయమేమీ లేదు, నాకూ భయమే.

బ్యాగుతో పాటు ఒంటికి తొడిగే పట్టీ, హార్నెస్ అంటారు, అదీ కొనండి. మొదటిసారి తొడిగితే వెన్ను విరిగినవాడిలా నేల మీద పడిపోతాడు. నటన కాదు, ఒంటి మీద బరువు తగిలితే పిల్లులు అలాగే చేస్తాయి. రోజుకి అయిదు నిమిషాల చొప్పున అలవాటు చేయండి. పట్టీకీ ఒంటికీ మధ్య ఒకటి రెండు వేళ్లు పట్టాలి, అంతకంటే వదులుంటే వెనక్కి జారి తప్పించుకుంటాడు. ఇది ఎందుకో ఎయిర్‌పోర్టు దగ్గర చెబుతాను.

మందు అసలే వద్దా అంటే, నిద్రమత్తు మందులు వద్దు. మత్తులో ఉన్న పిల్లికి రక్తపోటు పడిపోతుంది, ఒంటి వేడి నిలవదు, సీటు కింద బ్యాగులో ఊపిరి ఎలా ఆడుతోందో మీకు కనబడదు. మత్తుగా కనిపిస్తున్న జంతువుని ఎక్కించుకోం అంటూ విమానం వాళ్లు గేటు దగ్గరే ఆపే ప్రమాదం కూడా ఉంది. అయితే మత్తు వేరు, భయం తగ్గించడం వేరు. గాబాపెంటిన్ అనే మందును పిల్లుల ప్రయాణ భయానికి డాక్టర్లు ఎక్కువగానే వాడుతున్నారు. ప్రయాణానికి రెండు మూడు గంటల ముందు ఇస్తారు. మోతాదు బరువును బట్టి, మూత్రపిండాల స్థితిని బట్టి మీ డాక్టరే చెప్పాలి, ఇక్కడ అంకె రాయను. మీ బ్యాగు పాఠాలు బాగా సాగితే అవసరం రాకపోవచ్చు. కావాలనుకుంటే మాత్రం ప్రయాణానికి మూడు వారాల ముందు ఒక సెలవు రోజున ఇంట్లో ఇచ్చి చూడండి. కొన్ని పిల్లులు తూలుతాయి, కొన్ని తిండికి ఎగబడతాయి. మీవాడు ఏ రకమో ఇంట్లో తెలియాలి గానీ ఎయిర్‌పోర్టులో కాదు.

టికెట్ కొనేసి పిల్లి సంగతి తర్వాత చెబుదామనుకోకండి. ఒక్కో విమానంలో కేబిన్‌లో కొన్ని జంతువులకే చోటిస్తారు. ముందు ఫోన్ చేసి పిల్లికి చోటుందని ఖాయం చేసుకుని అప్పుడు టికెట్ తీయండి. మధ్యలో దిగి ఎక్కే పని లేకుండా హైదరాబాద్ నుంచి నేరుగా ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లేదే చూసుకోండి. డబ్బు కొంచెం ఎక్కువైనా పరవాలేదు, ఒక సెక్యూరిటీ తనిఖీ తగ్గితే వాడికి ఒక గండం తప్పినట్టే.

హైదరాబాద్ ఎందుకంటే, కాగితాల పని కూడా అక్కడే. జంతువులకి విదేశీ ప్రయాణపు సర్టిఫికెట్ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ క్వారంటైన్ కార్యాలయాలు దేశంలో ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై, బెంగళూరు, హైదరాబాద్‌లలో ఉన్నాయి. ముందు మీ డాక్టరిచ్చే ఆరోగ్య పత్రం, టీకా పుస్తకం, టైటర్ రిపోర్టు, టికెట్, పాస్‌పోర్టు కాపీలతో దరఖాస్తు పెట్టుకోవాలి, పిల్లిని చూపించాలి. యూరప్‌కి కావలసిన ఆరోగ్య సర్టిఫికెట్ మీద ప్రభుత్వ పశువైద్యాధికారి సంతకం ఉండాలి. అది చేతికొచ్చిన 10 రోజుల్లోగా అక్కడ దిగాలి. కాబట్టి మరీ ముందు వెళ్లినా లాభం లేదు, ప్రయాణం రోజున పరిగెత్తినా పని కాదు. మూడు నాలుగు రోజుల ముందు హైదరాబాద్ చేరండి. మధ్యలో ఆదివారాలూ పండగలూ పడుతున్నాయేమో కేలెండర్ చూసుకోండి.

విజయనగరం నుంచి హైదరాబాద్ దాకా కారే మేలు. ఇండిగో వాళ్లు పెంపుడు జంతువుల్ని ఎక్కించుకోరు. రైల్లో అయితే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం మీదే అయితే తప్ప దగ్గర పెట్టుకోనివ్వరు, కూపే దొరకడం మన చేతుల్లో ఉండదు. కారులో రాత్రిపూట బయల్దేరండి, చల్లగా ఉంటుంది, హారన్లు తక్కువ. బ్యాగుకి సీటు బెల్టు వేసి, పైన పల్చని తువ్వాలు కప్పండి. ఒక్కటే నియమం, కారు తలుపు తెరిచి ఉండగా బ్యాగు జిప్పు తెరవకూడదు. నాకు తెలిసినాయన ఒకరు అన్నవరం దాటాక టీ తాగడానికి ఆగి, పాపం గాలాడట్లేదేమోనని జిప్పు తీశారు. పిల్లి లారీల కింద నుంచి జీడితోటలోకి వెళ్లిపోయింది. రెండు రోజులు అక్కడే ఉండి, ఎండు చేపలు వేయించి వాసన చూపించి మరీ పట్టుకున్నారు. ఆ రెండు రోజులూ ఆయన ముఖం చూసినవాళ్లకి తెలుసు.

ప్రయాణం రోజు. యూరప్ విమానాలు ఎక్కువగా అర్ధరాత్రి దాటాకే కదులుతాయి. విమానానికి అయిదారు గంటల ముందు కొంచెం తిండి పెట్టి ఆపేయండి. నీళ్లు ఆపకండి. బ్యాగు అడుగున పీల్చే ప్యాడ్ ఒకటి పరిచి, ఇంకో మూడు మీ హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోండి. పిల్లి పది పన్నెండు గంటలు పోయకుండా ఉండగలదు, దానికి కంగారు పడొద్దు.

సెక్యూరిటీ దగ్గర బ్యాగు ఎక్స్‌రే మెషిన్‌లోకి వెళ్తుంది. పిల్లి వెళ్లకూడదు. వాణ్ణి బయటికి తీసి మీరు ఎత్తుకుని తనిఖీ గుండా నడవాలి. ఎయిర్‌పోర్టులో పిల్లి తప్పించుకునే చోటు ఇదొక్కటే. హార్నెస్ ఇందుకే. ఇంటి నుంచే తొడిగి రండి, తాడు మణికట్టుకి చుట్టుకోండి. గది లోపల తనిఖీ చేయమని మర్యాదగా అడగండి, తలుపు మూసిన గదిలో అయితే పారిపోయినా కుర్చీ కిందకే పోతాడు. మీరే ఎత్తుకోండి, పాపకి ఇవ్వకండి. బెదిరిన పిల్లి గోళ్లకి వాళ్లూ వీళ్లూ అన్న తేడా ఉండదు. నాలుగు రోజుల ముందు గోళ్ల కొసలు తీయించండి. చంకలో పిల్లిని పెట్టుకుని పెళ్లికి వెళ్లినట్టు అని మనల్ని ఎగతాళి చేసేవాళ్లుంటారు, మీకు మాత్రం ఆ సామెత అక్షరాలా జరుగుతుంది.

విమానంలో బ్యాగు ముందు సీటు కింద, జిప్పు మీకు కనబడే వైపు ఉంచండి. తువ్వాలు సగం కప్పండి. అరిస్తే వేలు లోపలికి పెట్టి దవడ గోకండి, బయటికి మాత్రం తీయకండి. టాయిలెట్‌కి తీసుకెళ్లి ప్యాడ్ మార్చాల్సి వస్తే తలుపు గడియ పడిందని చూసుకున్నాకే జిప్పు తీయండి. దిగేటప్పుడు చెవులు గుయ్యిమంటాయి, నాకి తినగలిగిన మెత్తని తిండి కాస్త వేలికి రాసి ఇస్తే మింగుతూ సర్దుకుంటాడు. మొదటి గంట అరుస్తాడు. పక్కవాళ్లు చూస్తారు. చూడనివ్వండి, చంటిపిల్లలు అంతకన్నా ఎక్కువే అరుస్తారు. ఆ తర్వాత చాలా పిల్లులు బిగుసుకుని పడుకుంటాయి.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగాక, చెప్పాల్సిన సామానేమీ లేనివాళ్లు వెళ్లే పచ్చ దారిలో నడిచి వెళ్లిపోకండి. పిల్లి ఉంది కాబట్టి ఎర్ర దారిలో కస్టమ్స్ వాళ్ల దగ్గరికి మీరే వెళ్లి చెప్పాలి. చిప్ స్కాన్ చేస్తారు, కాగితాలు చూస్తారు. వరస సరిగ్గా ఉంటే పని అక్కడితో అయిపోతుంది. మాంసంతో చేసిన పిల్లి తిండి, పాలపొడి లాంటివి సూట్‌కేసులో పెట్టకండి, యూరప్‌లోకి రానివ్వరు. మీవాడు పెరుగన్నం, మెత్తళ్ల మీద పెరిగాడు కాబట్టి అక్కడ దొరికే డబ్బా తిండికి ఇక్కడే రెండు నెలల ముందు నుంచి కొంచెం కొంచెం కలుపుతూ అలవాటు చేయండి. దేశమూ ఇల్లూ తిండీ ఒకే రోజు మారితే పిల్లి నోరు కట్టేసుకుంటుంది. లావుపాటి పిల్లి రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే కాలేయానికి కొవ్వు పట్టి ప్రాణం మీదకొస్తుంది. ఒక్క రోజంతా ముట్టకపోతే చాలు, అక్కడి డాక్టరుకి ఫోన్ చేయండి.

మీవారికి ఇప్పుడే ఒక మాట చెప్పండి. జర్మనీ కిటికీలు పై నుంచి వంపుగా లోపలికి తెరుచుకుంటాయి. గాలి కోసం అలా వదిలేస్తే పిల్లి ఆ సందులోంచి దూకబోయి కిందికి జారి ఇరుక్కుపోతుంది. పెనుగులాడే కొద్దీ ఇంకా బిగుస్తుంది, వెన్నూ వెనక కాళ్లూ చచ్చుబడిపోతాయి. అక్కడి డాక్టర్లకి ఇది బాగా తెలిసిన ప్రమాదం. పక్క సందులకి పెట్టే జాలీలు అక్కడే అమ్ముతారు, తాండ్ర రాకముందే బిగించమనండి. బాల్కనీకి వల కూడా. ఇల్లు వెతికేటప్పుడు యజమానికి పిల్లి సంగతి ముందే చెప్పి రాయించుకోమనండి. అద్దె కాగితంలో పిల్లులూ కుక్కలూ అసలే కూడదని గుండుగుత్తగా రాసే షరతు చెల్లదని 2013లో అక్కడి అత్యున్నత కోర్టు తీర్పిచ్చింది. అయినా గొడవ పడి గెలవడం కన్నా ముందే ఒప్పించుకోవడం నయం. దిగాక ఆ చిప్ నంబరు టాసో అనే సంస్థ దగ్గర ఉచితంగా నమోదు చేయించుకోవచ్చు, పిల్లి తప్పిపోతే అదే దిక్కు.

ఇంటికి చేరాక మొత్తం ఇల్లు చూపించకండి. ఒక చిన్న గది, అందులో ఇసుక ట్రే ఒక మూల, తిండి ఇంకో మూల, జిప్పు తీసిన బ్యాగు మధ్యలో. వాడంతట వాడు బయటికొచ్చేదాకా ఎవరూ చెయ్యి పెట్టి లాగకూడదు. ఆ బ్యాగే అప్పుడు వాడికి విజయనగరం. మగపిల్లి కాబట్టి మొదటి రెండు వారాలు ట్రే మీద కన్నేసి ఉంచండి. బెంగ పడ్డ మగపిల్లికి మూత్రం మార్గం మూసుకుపోవడం మేం తరచూ చూసేదే. మాటిమాటికీ ట్రేలోకెళ్లి కూర్చుని, ముక్కి, చుక్క కూడా పడకుండా లేస్తుంటే, లేదా కూర్చుని అరుస్తుంటే, అది మలబద్ధకం అనుకుని రేపు చూద్దామనకండి. ఆ రాత్రే ఆసుపత్రికి పట్టుకెళ్లండి.

చివరిగా మీ అత్తగారి సంగతి. ఆవిడతో వాదించకండి. వాడు రోజూ ఎవరి కాళ్ల దగ్గర పడుకుంటున్నాడో ఆవిడే వాణ్ణి ఎక్కువ పోగొట్టుకుంటోంది, ఆ కోపంలో చాలావరకు అదే ఉంటుంది. బయల్దేరే ముందు రోజు ఆవిడ కట్టి విడిచిన పాత నూలు చీర ఒకటి అడిగి తీసుకుని, బ్యాగులో ప్యాడ్ మీద మడత పెట్టి పరవండి. నా సీర పిల్లికేటి అంటారు. అననివ్వండి. ఉతికి మాత్రం ఇవ్వొద్దని చెప్పండి.